సున్నా వేరు, నల్ వేరు: పిల్లల క్లినికల్ సైకాలజిస్టు పని గురించి

డేటాబేస్ ల్యాబ్‌లో మనకి మొదట్లోనే ఒక విషయం చెప్తారు. గడిలో సున్నా ఉండటం వేరు, ఆ గడి నల్‌గా ఉండటం వేరు. సున్నా అంటే కొలిచి చూశాం, ఏమీ లేదని తేలింది. నల్ అంటే అసలు సమాచారమే మన దగ్గర లేదు. రెండూ ఒకటే అనుకుని సగటు తీస్తే వచ్చే జవాబు చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అది తప్పు జవాబు.

మన కంప్యూటర్ల వాళ్ళకంటే ముందే ఈ తేడాని పట్టుకున్నాయన ఒకరున్నారు. ఎడ్గర్ డాల్ అనే అమెరికన్ సైకాలజిస్టు. న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ అనే ఊళ్ళో, బుద్ధి ఎదుగుదల ఆలస్యమైన పిల్లల కోసం ఒక ట్రైనింగ్ స్కూలు ఉండేది. అక్కడ పనిచేస్తూ 1935లో ఆయన ఒక స్కేలు తయారుచేశారు. వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ అంటారు. పిల్లలు రోజువారీ పనులు ఏ వయసుకి ఏవి చేసుకుంటారో అందులో వరసగా ఉంటాయి. పిల్లవాడు ఒక పని చేస్తే ప్లస్, చెయ్యలేకపోతే మైనస్. ఇంతవరకు మామూలే. కానీ డాల్ ఇంకో గుర్తు కూడా పెట్టారు. చెయ్యగలిగే సత్తా ఉండి, చేసే అవకాశమే దొరకని పిల్లల కోసం ప్లస్ ఎన్‌ఓ. ఎన్‌ఓ అంటే నో ఆపర్చునిటీ. అక్కడ గుడ్డిగా సున్నా వెయ్యరు. ముందూ వెనకా ఉన్న పనులు ఎలా చేస్తున్నాడో చూసి దానికి మార్కు ఎంతో తేలుస్తారు.

పిల్లలతో, కుటుంబాలతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టు ఉద్యోగంలో సగం ఈ గుర్తు ఎక్కడ వెయ్యాలో కనుక్కోవడమే. ఇది నాకు సిలబస్‌లో దొరికిన విషయం కాదు. మా అక్క కొడుకు వల్ల తెలిసింది.

అక్కా బావా శంషాబాద్‌లో ఉంటారు. అక్క ఎయిర్‌పోర్టులో షిఫ్టుల డ్యూటీ చేస్తుంది, బావ క్యాబ్ నడుపుతాడు. వాడికి నాలుగేళ్ళు దాటాయి. రంగుల పేర్లన్నీ ఇంగ్లీషులో చెప్తాడు, మంచినీళ్ళు కావాలని మాత్రం అడగడు. చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. మూడుసార్లు ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తిరిగాక డిసెంబర్‌లో నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. వాడి నాయనమ్మ నా చేతికిచ్చి "ఏం రాసిండ్రు బిడ్డా, చదివి చెప్పు" అంది. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే, అందులో ప్రతి పదం చదవగలను. కానీ తెలుగులో చెప్పడానికి గంట పట్టింది. 'సోషల్ కోషెంట్'ని ఆమెకి ఏమని చెప్పాలి? ఆ గంట, ఆ తర్వాత నేను చదువుకున్నవి కలిపి రాస్తున్నదే ఇది.

ముందు ఎవరు ఎవరో

మన హాస్టల్లో అందరినీ కలిపి 'సైకాలజీ డాక్టర్' అంటాం. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేసి సమస్య ఏంటో అంచనా వేస్తారు, మాటలతో, ఆటలతో, ఇంట్లో చేయించే పనులతో చికిత్స చేస్తారు. కౌన్సెలర్ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, క్లినికల్ సైకాలజిస్టు అన్న పేరు అలా కాదు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో కూడా ఈ ఉద్యోగానికి నిర్వచనం ఉంది. ఇన్నేళ్ళూ దీనికి మామూలు దారి సైకాలజీలో పీజీ, తర్వాత ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద రెండేళ్ళ ఎం.ఫిల్. ఈ శిక్షణ మన దేశంలో 1955లో బెంగళూరులో, ఇప్పుడు నిమ్‌హాన్స్ అంటున్న సంస్థలో మొదలైంది.

మా బావకి ఇవేవీ అక్కర్లేదు. అక్క అపాయింట్‌మెంట్ అన్న రోజు ఆయన అన్నది ఒకటే మాట: "మావోడికేమైనా పిచ్చా?" హైదరాబాద్ చుట్టుపక్కల పెరిగిన వాళ్ళకి ఆ కోపం అర్థమవుతుంది. ఇక్కడ 'ఎర్రగడ్డ' అంటే ఒక బస్తీ పేరు కాదు, ఒక తిట్టు. అక్కడ మానసిక వైద్యశాల ఉండటం వల్ల స్కూల్లో అందరం ఆ జోకు విన్నవాళ్ళమే. ఆ ఒక్క జోకు ఎంతమంది పిల్లల్ని ఒకటి రెండేళ్ళు ఆలస్యంగా క్లినిక్‌కి పంపి ఉంటుందో.

నిజానికి ఈ వృత్తి పిచ్చితో మొదలవ్వలేదు, స్పెల్లింగ్ తప్పులతో మొదలైంది. 1896లో ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ ప్రపంచంలో మొదటి సైకలాజికల్ క్లినిక్ తెరిచారు. మొదట వచ్చిన కేసు ఒక స్కూలు అబ్బాయి. మిగతా చదువు పర్వాలేదు, స్పెల్లింగ్ ఒక్కటీ రాదు. తీసుకొచ్చింది వాళ్ళ టీచరు. విట్మర్ చూస్తే ఆ అబ్బాయికి చూపులో లోపం ఉంది. ముందు కళ్ళజోడు, తర్వాత పాఠాలు. మనసు దాకా వెళ్ళేముందు కన్ను చూడాలి, చెవి చూడాలి అన్న క్రమం అప్పటినుంచీ ఉంది. మా వాణ్ణి కూడా మేడమ్ మొదటి రోజే వినికిడి పరీక్షకి రాసి పంపారు. మాట ఆలస్యమైన పిల్లలు ఎవరికైనా ఇదే మొదటి మెట్టు. బాగానే వినిపిస్తోందని తేలాకే మిగతా పని మొదలైంది.

నగరం ఆ చివర ఒక సంస్థ

ఈ పని మన దగ్గర ఎలా ఎదిగిందో తెలుసుకోవాలంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌కి వెళ్ళాలి. 1984లో కేంద్ర ప్రభుత్వం అక్కడ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం ఒక జాతీయ సంస్థ పెట్టింది. అప్పట్లో ఎన్ఐఎంహెచ్ అనేవాళ్ళు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. పాత పేరులో 'మెంటల్లీ హ్యాండిక్యాప్డ్' ఉండేది, కొత్త పేరులో 'ఎంపవర్‌మెంట్' ఉంది. పేరు మార్చితే ఏం ఒరుగుతుందని నేనూ అనుకునేవాణ్ణి, ఆ ముద్ర మన ఇంటి పిల్లాడి మీద పడుతుందేమో అన్న భయం ఎదురయ్యేదాకా.

ఈ సంస్థ చేసిన పెద్ద పని పరీక్షల్ని ఇక్కడి పిల్లల కోసం రాయడం. 1992లో రీటా పేష్వారియా, ఎస్. వెంకటేశన్ కలిసి బేసిక్-ఎంఆర్ అనే స్కేలు తెచ్చారు. దాని మొదటి భాగంలో 280 నైపుణ్యాలు, రెండో భాగంలో 75 సమస్య ప్రవర్తనలు ఉంటాయి. తెలివికి ఒక అంకె ఇచ్చి వదిలెయ్యకుండా, ఈ పిల్లవాడికి రేపు ఏం నేర్పాలో టీచరుకి చెప్పే స్కేలు అది. 2009లో ఆటిజం అంచనాకి ఐఎస్ఏఏ అనే భారతీయ స్కేలు కూడా ఇక్కడే తయారైంది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. అంటే ఎవరికైనా కనీసం 40 వస్తుంది. 70 లోపు ఉంటే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా తేలికపాటి, 107 నుంచి 153 దాకా మధ్యస్థ, ఆపైన తీవ్రం. వికలాంగుల సర్టిఫికెట్లకి దేశమంతా వాడుతున్నారు. శంషాబాద్ నుంచి ఒక ఎంఎంటీఎస్ దూరంలో తయారైన స్కేలు అని తెలిసి నాకు కాస్త గర్వంగా అనిపించింది.

మా వాడికి 70 లోపే వచ్చింది. అయినా మేడమ్ 'ఏమీ లేదు' అని రాయలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తామని రాశారు. బావకి ఇది నచ్చలేదు. రక్త పరీక్షలాగా అవునో కాదో చెప్పెయ్యాలి కదా అని ఆయన వాదన. నాకు మాత్రం ఆ వాక్యమే రిపోర్టు మొత్తంలో నిజాయితీగా అనిపించింది. ఎందుకో చెప్పాలంటే డాల్ స్కేలు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

76 అంటే ఏంటి

వైన్‌ల్యాండ్ స్కేలుని మన దేశానికి తగ్గట్టు మార్చింది నాగపూర్‌లో పనిచేసిన ఏ.జె. మాలిన్. అందులో 89 అంశాలు, 15 ఏళ్ళ దాకా. ఈ పరీక్షలో విచిత్రం ఏంటంటే ప్రశ్నలు పిల్లల్ని అడగరు, పెంచేవాళ్ళని అడుగుతారు. చేతులు తనే కడుక్కుంటాడా? గుండీలు పెట్టుకుంటాడా? పక్కింటి పిల్లలతో కలిసి ఆడతాడా? దగ్గరిళ్ళకి ఒక్కడే వెళ్ళొస్తాడా? జవాబుల్ని బట్టి సోషల్ ఏజ్ వస్తుంది. దాన్ని అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తే సోషల్ కోషెంట్. మా వాడి వయసు 50 నెలలు, సోషల్ ఏజ్ 38 నెలలు. 38 బై 50 ఇంటూ 100. డెబ్బై ఆరు.

నాయనమ్మకి ఇలా చెప్పాను: "వాడికి నాలుగేళ్ళు నిండినయి గానీ, సొంత పనుల్లో మూడేళ్ళ పిల్లోడి లెక్క ఉన్నడట." ఆమె వెంటనే "అంటే తెలివి తక్కువనా?" అంది. కాదు. ఇది తెలివిని కొలిచే అంకె కాదు, ఐక్యూ వేరు. వాడు ఏం చేస్తున్నాడో ఇది చెప్తుంది, ఏం చెయ్యగలడో పూర్తిగా చెప్పదు. మరి ఈ రెండింటి మధ్య దూరం ఎంతో ఎవరు చెప్తారు? ఇల్లు చెప్తుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు బావకి బుకింగ్ ఉండి నేను తోడు వెళ్ళాను. కింద నేల మీద బొమ్మలు పరిచి, వాడు ఆడుకుంటుంటే మేడమ్ అక్కతో మాట్లాడుతున్నారు. ఊరికే మాట్లాడుతున్నట్టే ఉంటుంది, కన్ను మాత్రం వాడి మీదే.

"అన్నం వాడే తింటాడా?"

"లేదు మేడమ్, మేమే తినిపిస్తాం."

"ఎప్పుడైనా ప్లేటు వాడి ముందు పెట్టి, మీరు పక్కన కూర్చుని చూశారా?"

అక్క ఏం మాట్లాడలేదు. మన ఇళ్ళల్లో గోరుముద్దలు తినిపించడం ప్రేమ. ఆరేళ్ళొచ్చినా తినిపిస్తాం, అందులో ఎవరికీ తప్పు కనపడదు. నిజంగా తప్పు కాదు కూడా. కానీ స్కేలులో ఆ గడికొచ్చేసరికి మనకి తెలిసింది నల్ మాత్రమే. సున్నా వెయ్యడానికి లేదు.

దగ్గరిళ్ళకి ఒక్కడే వెళ్ళొస్తాడా అన్న ప్రశ్నకైతే అక్క నవ్వేసింది. వాళ్ళది సర్వీస్ రోడ్డు పక్కన మూడో అంతస్తు. కిందకి దిగితే లారీలు, ఎయిర్‌పోర్టు బస్సులు. ఆ ఊళ్ళో ఏ తల్లీ నాలుగేళ్ళ పిల్లాణ్ణి ఒంటరిగా గేటు దాటనివ్వదు. మేడమ్ కాగితం మీద ఏదో రాసుకున్నారు. ప్లస్ ఎన్‌ఓ అయ్యుంటుందని నా అనుమానం.

ఎవరికి తెలుసు?

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇక్కడికి మారింది. సుమారు 5,500 ఎకరాల్లో ఉంటుంది. అది వచ్చాక శంషాబాద్‌లో గడియారం మారిపోయింది. విమానాలకి రాత్రీ పగలూ లేదు, కాబట్టి కార్గోలో మోసేవాళ్ళకి, సెక్యూరిటీ వాళ్ళకి, కౌంటర్ల వాళ్ళకి, క్యాబ్‌లకి, హోటళ్ళకి కూడా లేదు. రోస్టర్ ప్రకారం అక్క ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. బావ ఎప్పుడొస్తాడో యాప్‌కే తెలియాలి. పిల్లవాడు ఏ పూట ఎవరి దగ్గర ఉంటాడో వాడికే అర్థం కాదు.

సైకాలజిస్టుకి ఇదెందుకు ముఖ్యమంటే, కేస్ హిస్టరీ చెప్పాల్సిన మనిషి ఎవరో ముందు తేలాలి. క్లినిక్‌కి వచ్చేది ఆ రోజు సెలవున్న మనిషి. పిల్లవాడి గురించి తెలిసింది ఇంట్లో ఉన్న మనిషికి. ఎప్పుడు నడిచాడు, మొదటి మాట ఎప్పుడు అన్నాడు అంటే అక్క తడబడింది. ఆ నెలల్లో ఆమె నైట్ డ్యూటీలు. "ఇంట్లో ఎవరుంటారు? ఈసారి వాళ్ళని తీసుకురండి" అన్నారు మేడమ్.

మూడోసారి నాయనమ్మ వెళ్ళింది. ఆమెకి నెలలూ తారీఖులూ తెలీవు. కానీ అంతా తెలుసు. దీపావళికి గోడ పట్టుకోకుండా నడిచిండు. సంక్రాంతికి 'తాత' అన్నడు, తర్వాత మళ్ళా అనలే. బోనాలప్పుడు జ్వరమొచ్చి మూడు రోజులు పడుకుండు. వాడు పుట్టింది అక్టోబర్‌లో, కాబట్టి దీపావళి అంటే ఏడాది, నడక సమయానికే వచ్చింది. మేడమ్ తడుముకోకుండా పండగల్ని నెలల్లోకి మార్చుకుంటూ రాసుకున్నారట. ఈ లెక్క ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ ఉండదేమో, కానీ ఇక్కడ పనిచేసేవాళ్ళకి రావాల్సిందే.

భాష సంగతి ఇంకా చిక్కు. ఈ చుట్టుపక్కల తండాలున్నాయి. ఇంట్లో లంబాడీ భాష, వీధిలో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు. పాత శంషాబాద్‌లో ఉర్దూ ఇళ్ళున్నాయి. పనికోసం ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. అలాంటి పిల్లవాడికి ఇంగ్లీషులో మాటల పరీక్ష పెట్టి, జవాబు చెప్పలేదని మార్కు కొట్టేస్తే అది వాడి తెలివి మీద తీర్పు కాదు, భాష మీద తీర్పు. అందుకే మంచి సైకాలజిస్టులు మాటలతో పనిలేని పరీక్షలు కూడా కలుపుతారు. చెక్కముక్కల్ని వాటి ఆకారాల గుంటల్లో అమర్చే సెగ్విన్ ఫార్మ్ బోర్డు అలాంటిదే. మా వాడు దాన్ని ఆడుతూ పాడుతూ చేసేశాడు. అక్క మొహంలో ఆ రోజే కాస్త వెలుగు వచ్చింది.

బెంగ, జడుపు

నాయనమ్మకి సొంత డయాగ్నోసిస్ ఒకటి ఉంది. రెండేళ్ళప్పుడు వాడు రాత్రి ఉలిక్కిపడి లేచాడు, అప్పుడు జడుసుకున్నాడు, అందుకే మాట ఆగింది. పహాడీ షరీఫ్ దర్గాలో తాయత్తు కట్టించింది, ఆంజనేయస్వామి గుళ్ళో దారం కట్టించింది. తల్లి డ్యూటీకి వెళ్తే బెంగ పెట్టుకున్నాడని కూడా అంటుంది.

ఇలాంటివి చెప్తే డాక్టర్లు కసురుకుంటారని ఆమె భయం. మేడమే అడిగారట: "వీడికి ఇలా ఎందుకైందని మీకు అనిపిస్తోందమ్మా?" ఇది మర్యాద కోసం అడిగింది కాదు. ఆర్థర్ క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్టు 1980లలోనే ఈ పద్ధతిని గట్టిగా చెప్పారు. రోగం గురించి ఇంటివాళ్ళ దగ్గర ఒక కథ ఉంటుంది, అది తెలుసుకోకుండా ఇచ్చే సలహా ఇంటి గడప దాటదు. తాయత్తు తీసెయ్యమని మేడమ్ అనలేదు. "అది ఉండనియ్యండి, దానితోపాటు ఇదీ చెయ్యండి" అన్నారు.

నాకు బెంగ అన్న మాట దగ్గర ఆగిపోవాలనిపించింది. ఇంగ్లీషులో దీనికి సెపరేషన్ యాంగ్జైటీ అంటారు. కానీ బెంగలో ఆందోళన ఒక్కటే లేదు. మనిషి మీద ఆశ ఉంది, అలక ఉంది, అన్నం సయించకపోవడం ఉంది. నా స్కూలు చదువంతా ఇంగ్లీషులో జరిగినా, హాస్టల్‌కి వచ్చిన మొదటి వారం నాకు వచ్చింది బెంగే.

కిరాణా కొట్టు ముందు

మేడమ్ ఇంటికిచ్చిన పనిలో ఒకటి నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గియ్యడం. గొడవకి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత మీరేం చేశారు. వారం రోజులు రాసి తీసుకురమ్మన్నారు. వాడు కిరాణా కొట్టు ముందు కుర్‌కురే కోసం రోడ్డు మీద పడి దొర్లుతాడు. అందరూ వీడికి మొండితనం అనే అనుకున్నారు. నోట్‌బుక్ వేరే కథ చెప్పింది. అక్క ఉన్నప్పుడు కొనివ్వదు. నాయనమ్మ ఉంటే నలుగురూ చూస్తున్నారని కొనిచ్చేస్తుంది. బావ మూడ్‌ని బట్టి.

స్కిన్నర్, ఫెర్‌స్టర్ 1957లోనే పావురాల మీద ఇలాంటివి రాశారు. ప్రతిసారీ గింజ దొరికే అలవాటు, గింజ ఆపేస్తే తొందరగానే పోతుంది. ఒకసారి దొరికి ఒకసారి దొరక్కపోతే మాత్రం ఆ అలవాటు ఎంతకీ పోదు. మనం రీల్స్ స్క్రోల్ చేసేది కూడా ఇందుకే, పదింటిలో ఒకటి బాగుంటుంది. ఇంట్లో ముగ్గురు పెద్దలు మూడు రకాలుగా ఉంటే పిల్లవాడికి వచ్చే లెక్క ఇదే. అందుకే పిల్లాడొక్కడికే థెరపీ చేస్తే సరిపోదు. వారానికి ముప్పావు గంట క్లినిక్‌లో ఉంటాడు, మిగతా అన్ని గంటలూ ఈ ముగ్గురి మధ్యే ఉంటాడు. ముగ్గురూ ఒక మాట మీదకి రావాలి, కొననప్పుడు ఎవరూ కొనకూడదు. నాయనమ్మని ఒప్పించడం అన్నిటికంటే కష్టమైంది. మనవడు రోడ్డు మీద ఏడుస్తుంటే పక్కన నిలబడటం ఆమెకి చిన్న విషయం కాదు.

ఫోన్ గురించి నేను ఊహించినంత పెద్ద క్లాసు పీకలేదు. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా వాడు ఐదారు గంటలు చూసేవాడు. ఫోనే ఇదంతా చేసిందా అని అక్క అడిగితే, అలా చెప్పలేమన్నారట. ఫోన్ వాడితో మాట్లాడుతుంది కానీ వాడి జవాబు కోసం ఆగదు, ముందు ఆ ఆగే మనిషిని ఇవ్వండి, మూడు నెలల తర్వాత చూద్దాం అన్నారు. రిపోర్టులో అవునో కాదో రాయకపోవడానికి కారణం ఇదే. అవకాశం ఇచ్చాక కూడా రాకపోతే అప్పుడది సున్నా. ఇప్పటికైతే నల్.

పెద్ద పిల్లల విషయంలో ఇంకో ముడి ఉంటుంది. ఇంటర్ చదివే అమ్మాయి సైకాలజిస్టుతో చెప్పింది అమ్మానాన్నలకి చెప్పాలా? మామూలుగా చెప్పరు, ఆ నమ్మకం లేకపోతే పని సాగదు. కానీ ప్రాణానికి ప్రమాదం ఉంటే దాచరు. లైంగిక హింస జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, దాచడం నేరం. ఈ హద్దుల్ని మొదటి రోజే ఆ అమ్మాయికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

ఇక ఎక్కడికి వెళ్ళాలి అని అడిగే వాళ్ళకి. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే పథకం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ స్కూలు పిల్లల్ని ఒకసారి పరీక్షించాలి. ఎదుగుదల ఆలస్యం అనిపిస్తే జిల్లా స్థాయిలో ఉండే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి పంపుతారు. శంషాబాద్ లాంటి చోట సందుకొకటి ఉన్న చిన్న ప్రైవేటు స్కూళ్ళ పిల్లలు ఈ వలలో పడరు, వాళ్ళని చూడాల్సింది టీచర్లూ ఇంటివాళ్ళే. మనోవికాస్ నగర్‌కి ఉందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, బోయిన్‌పల్లి వైపు బస్సో ఆటోనో పట్టుకోవాలి. అదే ఆవరణలో వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ఎవరితో మాట్లాడాలో కూడా తెలియనప్పుడు టెలీ మానస్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్‌లో మొదలైంది. మనలాంటి హాస్టల్ వాళ్ళకీ పనికొస్తుంది.

మా వాడి రివ్యూ ఉగాది తర్వాత. ఆ వారం అక్కకి నైట్ షిఫ్టు పడింది, మార్పించుకోవడానికి తోటివాళ్ళని అడుగుతోంది. నాయనమ్మ ఇప్పుడు ప్లేటు వాడి ముందు పెట్టి, కింద పాత చీర పరిచి కూర్చుంటోంది. సగం అన్నం చీర మీదే పడుతోందట. నోట్‌బుక్‌లో గళ్ళు నింపడం ఆమెకి రాదు కాబట్టి, రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి చెప్తుంది, నేను రాస్తాను. నిన్న రాసింది: ముందు, చెంబు ఖాళీ అయింది. వాడు, చెంబు ఎత్తి చూపించి 'నీ' అన్నాడు. తర్వాత, నీళ్ళు పోశాం.